ఎవరి రక్షణ? ఎవరి నుంచి రక్షణ?

కొన్ని నెలల కిందట ఒక జిల్లా కేంద్రంలో మహిళా సంఘాల సమావేశం జరిగింది. స్త్రీలపై హింసను అరికట్టడానికి ప్రభుత్వం ముందు పెట్టవలసిన డిమాండ్ల జాబితా తయారు చేస్తున్నాం. మహిళా పోలీసుల సంఖ్య పెంచాలి, మహిళా పోలీస్ స్టేషన్లు ఇంకా రావాలి, రాత్రి గస్తీ పెరగాలి అని నేను ఒక్కొక్కటే చదువుతున్నాను. వెనక వరుసలోంచి ఒక పెద్దామె లేచింది. బజారులో కూరగాయలమ్ముకుని బతికే మనిషి. "అమ్మా, నువ్వు రాసినవన్నీ బాగానే ఉన్నాయి గానీ, నాదొక మాట. మొన్నటిదాకా నా తట్ట తన్నింది మొగ పోలీసు. ఇప్పుడు ఆడపిల్ల వచ్చింది. ఆ పిల్లా తన్నుతూనే ఉంది. లాఠీ ఎవరి చేతిలో ఉన్నా దెబ్బ తగిలేది నాకే గదా?" అంది. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. జవాబూ రాలేదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు వెతుక్కుంటూ నేను చదివిన వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇరవయ్యో శతాబ్దం తొలి మూడు దశాబ్దాల అమెరికా పోలీసు చరిత్ర. ఎందుకంటే స్త్రీలను పోలీసు శాఖలోకి తీసుకోండి అని ఒక ఉద్యమంగా అడిగినవాళ్లలో అమెరికా స్త్రీలు ముందు వరుసలో ఉన్నారు. అడిగినది కొంతవరకు సాధించారు కూడా. సాధించాక ఏం జరిగిందో మనం తెలుసుకోవాలి. ఈసారి సంపాదకీయాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

అప్పటి అమెరికా పోలీసులంటే ఎవరు? దక్షిణాది రాష్ట్రాల్లో ఆ వ్యవస్థ వేళ్లు బానిసల మీద కాపలా కాసిన గస్తీ దళాల్లో ఉన్నాయి. ఉత్తరాది నగరాల్లో పోలీసు ఉద్యోగం స్థానిక రాజకీయ ముఠాల చేతిలో సరుకు. 1894లో న్యూయార్క్ పోలీసుల అవినీతిపై జరిగిన లెక్సో విచారణలో, కెప్టెన్ పదవి కోసం 15 వేల డాలర్లు ఇచ్చుకున్నానని ఒక అధికారి స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ డబ్బు రాబట్టుకునేది ఎక్కడినుంచి? సారా దుకాణాల నుంచి, జూదపు గృహాల నుంచి, అన్నిటికన్నా ఎక్కువగా ఒళ్లమ్ముకుని బతికే స్త్రీల నుంచి. గనుల ప్రాంతాల్లో పరిస్థితి వేరు. 1902 బొగ్గుగని కార్మికుల పెద్ద సమ్మె తర్వాత, 1905లో పెన్సిల్వేనియా రాష్ట్రం గుర్రపు పోలీసు దళాన్ని ఏర్పాటు చేసింది. ఐర్లండ్‌ను అదుపులో పెట్టడానికి బ్రిటిష్ వాళ్లు నడిపిన కాన్‌స్టేబులరీ దానికి నమూనా. కార్మికులు వాళ్లను కొసాకులని పిలిచేవారు. రష్యాలో జారు చక్రవర్తి ప్రజల మీదికి తోలిన గుర్రపు దళాల పేరు అది.

ఇలాంటి పోలీసుల చేతికి చిక్కిన స్త్రీల దుస్థితి చూసే అక్కడి మహిళా సంఘాలు కదిలాయి. స్టేషన్లలో స్త్రీలను మగ ఖైదీల పక్కనే ఉంచేవారు, మగవాళ్లే సోదా చేసేవారు. 1880లలో మద్యపాన వ్యతిరేక మహిళా సంఘం ముందుండి, ప్రతి స్టేషన్‌లో స్త్రీల కోసం ఒక మేట్రన్ ఉండాలని పోరాడింది. 1891లో షికాగో పోలీసు శాఖలో మేరీ ఓవెన్స్ చేరింది. భర్త చనిపోయి పిల్లల్ని పెంచుకుంటున్న ఆమె, ఫ్యాక్టరీల్లో పసిపిల్లల చేత పని చేయిస్తున్నవాళ్లను పట్టుకోవడం తన పనిగా పెట్టుకుంది. 1908లో పోర్ట్‌లాండ్‌లో లోలా బాల్డ్విన్, 1910లో లాస్ ఏంజిల్స్‌లో ఆలిస్ స్టెబిన్స్ వెల్స్ పోలీసులయ్యారు. ఆలిస్ తన నియామకం కోసం వందమంది పౌరుల సంతకాలు సేకరించింది. యూనిఫారం కూడా తానే కుట్టుకుంది. ట్రాములో బ్యాడ్జి చూపిస్తే, మొగుడి బ్యాడ్జి తెచ్చుకున్నావా అని కండక్టరు దబాయించాడట. 1915లో ఆమె చొరవతోనే మహిళా పోలీసుల అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. 1921లో న్యూయార్క్‌లో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టేషన్ తెరిచారు. చూడగానే భయం పుట్టకూడదని కిటికీలకు తెరలు, పూలకుండీలు పెట్టారు. మన మహిళా పోలీస్ స్టేషన్ల ఆలోచనకు వందేళ్ల నాటి పోలిక అది.

ఈ స్త్రీలను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. వాళ్లు అడిగినది న్యాయమే. కానీ వాళ్లకు అప్పగించిన పనేమిటో చూడండి. డ్యాన్సు హాళ్లు, సినిమా హాళ్లు, స్కేటింగ్ రింకులు తిరిగి, అక్కడికొచ్చే ఆడపిల్లలు హద్దు మీరుతున్నారేమో కనిపెట్టడం. ఆ ఆడపిల్లలు ఎవరు? పల్లెల నుంచీ పరాయి దేశాల నుంచీ వచ్చి, పగలంతా ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో పనిచేసి, సాయంత్రం కాస్త ఊపిరి పీల్చుకుందామని బయటికొచ్చిన వాళ్లు. వాళ్లకు తక్కువ కూలి ఇచ్చే యజమాని మీద నిఘా లేదు. చేయి పట్టుకు లాగే ఫోర్‌మన్ మీద నిఘా లేదు. నిఘా అంతా పిల్ల మీదే. రక్షణ అన్న మాట ఇక్కడే మెల్లగా అర్థం మార్చుకుంది.

అదే కాలంలో హక్కులడిగిన స్త్రీలకు పోలీసులు ఎలా కనిపించారో కూడా గుర్తు చేసుకుందాం. 1909 నవంబరు 22న న్యూయార్క్‌లో క్లారా లెమ్లిక్ అనే బట్టల ఫ్యాక్టరీ కార్మికురాలు వేదికెక్కి సమ్మెకు పిలుపునిచ్చింది. అంతకుముందు సెప్టెంబరులోనే కిరాయి గూండాలు ఆమె పక్కటెముకలు విరగ్గొట్టారు. 20 వేల మందికి పైగా కార్మికులు సమ్మె కట్టారు. వాళ్లలో ఎక్కువమంది యూదు, ఇటాలియన్ కుటుంబాల యువతులు. మొదటి నెలలోనే 700 మందికి పైగా అరెస్టయ్యారు. గూండాలు కొడుతుంటే పోలీసులు చూస్తూ నిలబడి, దెబ్బలు తిన్నవాళ్లనే తీసుకుపోయేవారు. వాళ్లకు తోడుగా నిలబడిన మహిళా ట్రేడ్ యూనియన్ లీగ్ అధ్యక్షురాలు మేరీ డ్రైయర్‌ను కూడా పోలీసులు పట్టుకున్నారు. ఆమె ధనవంతుల ఇంటి స్త్రీ అని తెలియగానే వదిలేసి నొచ్చుకున్నారు. పక్కనున్న కార్మికురాలి విషయంలో మాత్రం ఎవరూ నొచ్చుకోలేదు. 1911 మార్చి 25న ట్రయాంగిల్ ఫ్యాక్టరీలో మంటలు రేగినప్పుడు ఒక తలుపుకు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు. రెండేళ్ల కిందట సమ్మె చేసిన ఫ్యాక్టరీల్లో అదీ ఒకటి. యజమానులు ఆ డిసెంబరులోనే నిర్దోషులుగా బయటికొచ్చారు. రోడ్డు మీద నినాదమిచ్చిన పిల్లకు జైలు, ప్రాణాలు తీసిన తాళానికి క్షమాపణ. ఇదీ ఆనాటి న్యాయం.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి రక్షణ ముసుగు పూర్తిగా తొలగిపోయింది. 1917లో అమెరికా యుద్ధంలో దిగింది. సైనికులకు సుఖవ్యాధులు రాకుండా చూడటమన్నది దేశరక్షణ వ్యవహారమైపోయింది. వ్యాధి ఇద్దరి మధ్య పాకేదే అయినా నేరం ఒకరిదే అయింది. సైనిక శిబిరాల చుట్టుపక్కల ఒంటరిగా కనిపించిన స్త్రీని, అనుమానం కలిగితే చాలు, పట్టుకుని బలవంతంగా వైద్యపరీక్ష చేయించవచ్చు. వ్యాధి ఉందంటే నిర్బంధించవచ్చు. విచారణ లేదు, శిక్షాకాలం లేదు. 1918లో చాంబర్లెయిన్-కాన్ చట్టం ఈ పనికి కేంద్ర నిధులిచ్చింది. 15 వేల మందికి పైగా స్త్రీలను నిర్బంధించారని లెక్క. 30 వేల దాకా ఉండవచ్చని కొందరి అంచనా. ముళ్లకంచెలు, కాపలావాళ్లు ఉన్న చోట్లను ఆస్పత్రులన్నారు. పాదరసం, ఆర్సెనిక్ కలిసిన మందులెక్కించడాన్ని వైద్యమన్నారు. సైనికుడికి చికిత్స చేసి మళ్లీ పనిలోకి పంపారు, స్త్రీకి తాళం వేశారు. ఆ శిబిరాల చుట్టూ గస్తీ తిరిగి ఆడపిల్లల్ని కనిపెట్టినవాళ్లలో స్త్రీలు కూడా ఉన్నారు. ఆడపిల్లల రక్షణ కోసం వేసిన ప్రభుత్వ కమిటీకి అధ్యక్షురాలిగా ఉన్న మాడ్ మైనర్, పని రక్షణ నుంచి శిక్ష వైపు మళ్లిందని గ్రహించి 1918లో రాజీనామా చేసింది. ఆ వ్యవస్థ మాత్రం ఆగలేదు.

ఇది చదువుతుంటే మనకు పాత గాయమే గుర్తుకొస్తుంది. 1868లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో అంటువ్యాధుల చట్టం పేరుతో తెచ్చినది ఇదే కదా? తెల్ల సైనికుల ఆరోగ్యం కోసం మద్రాసు ప్రెసిడెన్సీ కంటోన్మెంట్లలో లాక్ హాస్పిటళ్లు నడిపి, స్త్రీలను పేర్లు నమోదు చేయించి పరీక్షలకు ఈడ్చలేదా? సముద్రాలు వేరైనా రాజ్యం చూపు ఒకటే.

మిషిగన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరి పిల్ల నీనా మెకాల్. 1918లో ఆమెకు 18 ఏళ్లు. ఒక డిప్యూటీ షెరీఫ్ వచ్చి ఆరోగ్యాధికారి దగ్గరికి వెళ్లి పరీక్ష చేయించుకోమన్నాడు. తాను ఏ మగవాడితోనూ సంబంధం పెట్టుకోలేదని ఆమె చెప్పుకున్నా ఎవరూ వినలేదు. సుమారు మూడు నెలలు నిర్బంధంలో ఉంచి పాదరసం సూదులు వేశారు. బయటికొచ్చాక ఆమె ఊరుకోలేదు. ఆ అధికారుల మీద దావా వేసింది. కింది కోర్టులో ఓడిపోయినా, 1921లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమె వైపు మొగ్గింది. అయితే ఆ అధికారికి అనుమానించడానికి తగిన ఆధారం లేదని మాత్రమే కోర్టు అంది. ఆధారముంటే నిర్బంధించే అధికారాన్ని అలాగే ఉంచింది. ఒక పల్లెటూరి పిల్ల ఒంటరిగా అంత దూరం నడిచిందంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఆమె వెనక ఒక ఉద్యమం ఉండి ఉంటే అనిపిస్తుంది.

ఉద్యమం లేక కాదు. అదే 1917లో ఓటు హక్కు కోసం స్త్రీలు వైట్‌హౌస్ ముందు మౌనంగా బ్యానర్లు పట్టుకుని నిలబడ్డారు. దారికి అడ్డం నిలబడ్డారన్న నేరం మోపి పోలీసులు వాళ్లను అరెస్టు చేశారు. 168 మంది జైలు శిక్ష అనుభవించారు. నవంబరు 14 రాత్రి ఆకోక్వాన్ జైల్లో వాళ్లను గార్డులు కొట్టి ఈడ్చారు. లూసీ బర్న్స్ చేతుల్ని తలపైకెత్తి గది చువ్వలకు సంకెళ్లతో కట్టారు. నిరాహార దీక్ష చేసిన ఆలిస్ పాల్ గొంతులో గొట్టం పెట్టి ఆహారం పోశారు. దేశం ఉలిక్కిపడింది. 1918 మార్చిలో ఆ అరెస్టులు చెల్లవని కోర్టు తీర్పిచ్చింది. 1920లో ఓటు హక్కు వచ్చింది. వాళ్ల త్యాగానికి నేను తలవంచుతాను. కానీ సరిగ్గా ఆ నెలల్లోనే వేలమంది పేద ఆడపిల్లలు ఏ విచారణా లేకుండా ముళ్లకంచెల వెనక ఉన్నారు. వాళ్లను కాపాడటానికి ఆ ఉద్యమం అదే పట్టుదలతో కదల్లేదు. గౌరవనీయులైన స్త్రీలు, చెడిపోయిన స్త్రీలు అని రాజ్యం గీసిన గీతను ఉద్యమం కూడా చాలావరకు దాటలేకపోయింది.

గీత అక్కడితో ఆగలేదు. దానికి రంగు కూడా ఉంది. 1921లో టల్సా నగరంలో లిఫ్టు నడిపే తెల్ల యువతి మీద ఒక నల్ల కుర్రవాడు చేయి వేశాడన్న పుకారు లేచింది. ఆ పిల్ల కేసు నడపదలచుకోలేదు, అభియోగాన్ని తర్వాత కొట్టేశారు. ఈలోగా పోలీసులు వందలాది తెల్లవాళ్లకు సహాయక పోలీసులుగా అధికారమిచ్చారు. నల్లవాళ్ల వాడ గ్రీన్‌వుడ్‌లో 35 వీధి బ్లాకులు తగలబడ్డాయి. చనిపోయినవాళ్లు 300 వరకు ఉంటారని అంచనా. ఒక్కరికీ శిక్ష పడలేదు. స్త్రీ రక్షణ పేరుతో ఒక వాడనే కాల్చేశారు. ఆ వాడలో స్త్రీలు లేరా? వాళ్ల రక్షణ ఎవరికి పట్టింది?

పోలీసు శాఖలో మంచి స్త్రీలు లేరా అంటే, ఉన్నారు. లాస్ ఏంజిల్స్‌లో 1919లో ఉద్యోగంలో చేరిన నల్లజాతి స్త్రీ జార్జియా రాబిన్సన్, పట్టుబడ్డ ఆడపిల్లల్ని జైలుకు కాకుండా ఆసరా దొరికే చోటికి పంపాలని చూసేది. 1928లో విధి నిర్వహణలో తలకు దెబ్బ తగిలి చూపు కోల్పోయింది. అయినా నిరాశ్రయ స్త్రీల కోసం పనిచేస్తూనే ఉంది. ఆమెను చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అయితే మంచి మనుషుల మీద భారం వేసి వ్యవస్థను వదిలేయలేం. అందుకు న్యూయార్క్ కథ చాలు.

1930లో న్యూయార్క్ కోర్టుల మీద శామ్యూల్ సీబరీ విచారణ మొదలైంది. బయటపడిన పద్ధతి ఇది. పోలీసుల ఇన్‌ఫార్మరు ఒకడు గది అద్దెకు కావాలంటూ ఒంటరి స్త్రీ ఇంటికి వెళ్తాడు. బల్ల మీద డబ్బు పెడతాడు. మరుక్షణం పోలీసు తలుపు తోసుకొస్తాడు. ఆ స్త్రీ మీద వ్యభిచారం కేసు. విడిపించడానికి జామీనుదారు సిద్ధం, లాయరు సిద్ధం. ఆమె దాచుకున్న డబ్బంతా అందరికీ వాటాలు. ఇవ్వలేని స్త్రీకి జైలు. ఈ కేసులు నడిచిన స్త్రీల కోర్టులో న్యాయాధికారుల్లో ఒకరు జీన్ నోరిస్. 1919లో నియమితురాలై, న్యూయార్క్ నగరంలో మొదటి మహిళా మేజిస్ట్రేట్ అనిపించుకుంది. ఆ రోజు మహిళా సంఘాలు ఎంత సంబరపడి ఉంటాయో ఊహించండి. 1931లో ఆమెను పదవి నుంచి తొలగించారు. నిందితురాళ్ల పట్ల అన్యాయంగా వ్యవహరించిందనీ, కోర్టు రికార్డును దిద్దించిందనీ రుజువైంది. అదే ఏడాది ఫిబ్రవరిలో, తన మీద పోలీసులు దొంగకేసు పెట్టారని సాక్ష్యం చెప్పడానికి సిద్ధపడిన వివియన్ గోర్డన్ అనే స్త్రీ గొంతుకు తాడు బిగించి చంపబడింది. ఆమె 16 ఏళ్ల కూతురు కొద్దిరోజులకే ఆత్మహత్య చేసుకుంది. అక్రమంగా జైలుపాలైన కొందరు స్త్రీలకు గవర్నరు క్షమాభిక్ష పెట్టాడు. చేయని నేరానికి క్షమాభిక్ష!

మరి దారి లేదా? ఉంది. ఆ దారి చూపిన స్త్రీ పేరు ఐడా బి. వెల్స్. బానిసగా పుట్టి, పత్రికా రచయిత్రిగా ఎదిగి, నల్లవాళ్ల మూక హత్యల మీద జీవితమంతా పోరాడింది. 1909 నవంబరులో ఇల్లినాయ్ రాష్ట్రంలోని కైరో అనే ఊళ్లో విల్ జేమ్స్ అనే నల్ల మనిషిని షెరీఫ్ అదుపులోంచి లాక్కుపోయి మూక చంపింది. అదుపులో ఉన్న ఖైదీని మూకకు వదిలేస్తే షెరీఫ్ పదవి పోతుందని ఆ రాష్ట్రంలో 1905 నుంచే చట్టముంది. షెరీఫ్ పదవి పోయింది. తిరిగి ఇప్పించమని అతను గవర్నరును అడిగాడు. అతనికి మద్దతుగా కొందరు నల్లవాళ్ల చేత కూడా ఉత్తరాలు రాయించారు. ఐడా మొదట వెళ్లడానికి వెనకాడింది. నువ్వు వెళ్లకపోతే ఇంకెవరూ వెళ్లరని పెద్దకొడుకు అన్నాక రైలెక్కింది. ఇల్లిల్లూ తిరిగి వాస్తవాలు సేకరించింది, చర్చిలో సభ పెట్టి భయపడ్డవాళ్లకు ధైర్యం చెప్పింది, గవర్నరు ముందు నిలబడి వాదించింది. షెరీఫ్‌కు పదవి తిరిగి రాలేదు.

నిజనిర్ధారణ అని మనం ఇవాళ చేస్తున్న పని ఇదే. ఆమె పోలీసుల సంఖ్య పెంచమని అడగలేదు. మీ అదుపులో ఉన్న మనిషి ప్రాణానికి మీరే బాధ్యులు, ఆ బాధ్యత తప్పితే కుర్చీ దిగండి అంది. 1931లో వికర్‌షామ్ కమిషన్, నేరం ఒప్పించడానికి పోలీసులు చిత్రహింసలు పెట్టడం దేశమంతటా ఉందని రాతపూర్వకంగా ప్రకటించింది. 1936లో మిసిసిపీలో ముగ్గురు నల్ల మనుషుల్ని కొరడాలతో కొట్టి చెప్పించిన ఒప్పుకోళ్లు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఈ ఫలితాల వెనక ఐడా లాంటి వాళ్లు ఏళ్ల తరబడి గుమ్మం గుమ్మం తిరిగి రాసిన రాతలున్నాయి.

ఇక మన సంగతి. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో రమీజాబీపై అత్యాచారం జరిగింది. ఎదిరించిన భర్త అహ్మద్ హుస్సేన్ దెబ్బలకు చనిపోయాడు. విచారణలో తేల్చవలసింది పోలీసుల నేరం. తేల్చజూసింది ఆమె పెళ్లి నిజమైనదా, ఆమె నడవడి ఎలాంటిది అని. ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పినా, కేసు రాయచూరుకు బదిలీ అయ్యాక 1981లో నిందితులు విడుదలయ్యారు. న్యూయార్క్ స్త్రీల కోర్టులో వినిపించిన ప్రశ్నకూ దీనికీ తేడా ఏముంది?

మహిళా పోలీసులు వద్దని నేననడం లేదు. ఫిర్యాదు చెప్పుకోవడానికి వెళ్లిన స్త్రీకి ఎదురుగా ఒక స్త్రీ కూర్చోవడం చిన్న విషయం కాదు. కానీ అదే చాలు అనుకుంటే మోసపోతాం. ప్రతి డిమాండ్ పక్కనా ఒక ప్రశ్న రాసుకుందాం: ఈ అధికారం రేపు ఎవరి మీద వాడతారు? వీధి వ్యాపారం చేసే స్త్రీ మీదా, సెక్స్ వర్కరు మీదా, ఇల్లు వదిలొచ్చిన పిల్ల మీదా అయితే, వాళ్లను అడగకుండా ఆ డిమాండ్ పెట్టే హక్కు మనకు లేదు. అరెస్టు సమయంలో పాటించవలసిన నిబంధనలను 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులపై ఫిర్యాదులు వినే స్వతంత్ర సంస్థలు ఏర్పాటు చేయాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో ఆదేశించింది. అవి మన జిల్లాలో ఎలా అమలవుతున్నాయో అడగడం, రాసిపెట్టుకోవడం, అధికారి ముందు పెట్టడం మన పని కావాలి.

ఆ సమావేశంలో రాసిన జాబితాను మళ్లీ తీశాను. అందులో ఏదీ కొట్టేయలేదు. అన్నిటికన్నా పైన ఒక వాక్యం చేర్చాను: స్త్రీల మీద చేయి చేసుకున్న పోలీసు, మగైనా ఆడైనా, ఎవరికి జవాబు చెప్పాలో ముందు తేల్చండి. వచ్చే సమావేశంలో దాన్ని చదవవలసింది నేను కాదు. వెనక వరుసలో కూర్చున్న ఆ పెద్దామెను ముందుకు రమ్మని పిలుస్తాను.